వాగు ఒడ్డుకు అర్జీ



ఈ పాఠం ఒక వాగు గురించి. వాగు ఒడ్డు కోసుకుపోతుంటే ఒక పొదుపు సంఘం ఆడవాళ్లు అర్జీ ఎలా రాశారో చదువుదాం. ఊరు, మనుషులు కల్పించినవే. వరద మాత్రం నిజంగా వచ్చినదే.

2024 ఆగస్టు చివర్లో ముసురు పట్టింది. సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం పట్టణంలోకి వచ్చింది. ఇళ్లు మునిగాయి. జనం డాబాల మీదికి ఎక్కారు. మున్నేరులో కలిసే వాగులు కూడా పొంగాయి. మన కథలో ఊరు అలాంటి ఒక వాగు ఒడ్డున ఉంది.

నీళ్లు తీశాక పెద్దమ్మ తన చేను చూసుకోను పోయింది. ఎకరం మిరప చేను. వాగు మలుపులో ఉంది. పోయి చూస్తే ఎనిమిది గుంటలు లేవు. మొక్కలు లేవు, మట్టి లేదు. కత్తితో కోసినట్టు నిలువు గట్టు. కింద నీళ్లు. బోరు గట్టుకు పది అడుగుల దూరంలో నిలబడి ఉంది.

"మునిగిన చేను ఆరితే మళ్లీ దున్నుకోవచ్చు. కొట్టుకుపోయిన చేనును ఏడ దున్నేది?" అని పెద్దమ్మ అక్కడే కూలబడింది.

వారం తిరక్కుండానే జేసీబీ ఆయన ఒకడు వచ్చాడు.

"అమ్మా, మీరు పైసా ఇవ్వొద్దు. ఒడ్డు మీది తుప్పలు, చెట్లు పీకేస్తా. వాగులో ఇసుక తోడి గట్టు పోస్తా. మూడు రోజుల పని. మిగిలిన ఇసుక నేను తోలుకుంటా" అన్నాడు.

పెద్దమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి సంఘం మీటింగులో చెప్పింది.

"గట్టుకు పోసేది ఎన్ని ట్రాక్టర్లు పెద్దమ్మా? మిగిలేది ఎన్ని ట్రాక్టర్లు?" అని చిన్న వదిన అడిగింది. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆమెకు బోరు కళ్లలో మెదులుతోంది.

"రేపు పోయి అందరం చూద్దాం" అంది లీడరమ్మ.

తెల్లారి పదకొండు మందీ వాగుకు పోయారు. మలుపుకు పైన కానుగ చెట్లు, వావిలి పొదలు ఉన్నాయి. అక్కడ గట్టు చెక్కు చెదరలేదు. అదే వాగు, అదే వరద. చేను దగ్గరకు వచ్చేసరికి గట్టు బోడిగా ఉంది. అక్కడే కోసింది.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇక్కడ కూడా వావిలి ఉండేది. ఆరేళ్ల కింద నేనే కొట్టించిన. ఇంకో రెండు సాళ్ల మిరప పడుతుందని."

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ వరుసలో ఎవరి చేనుకు ఒడ్డున పొద మిగిలింది గనక?

వాగు ఎట్లా కోస్తుందో చూడండి. మలుపు దగ్గర నీళ్లు బయటి ఒడ్డును కొడతాయి. లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తాయి. బయటి ఒడ్డులో మొదట కోసుకుపోయేది గట్టు అడుగు. అడుగు ఖాళీ అయితే పైనున్న మట్టి తన బరువుకు తానే విరిగి పడుతుంది. వేర్లు ఉంటే మట్టిని పట్టుకుంటాయి. కానుగ, వావిలి, వెదురు, రెల్లు, వట్టివేరు ఇందుకు మంచివి. వట్టివేరు వేర్లు మనిషి నిలువు కంటే లోతుకు దిగుతాయి. ఇసుకలో పట్టు లేదు. ఇసుక గట్టు మొదటి వరదకే పోతుంది. పైగా వాగులో గుంత తవ్వితే గట్టు కాలు ఇంకా జారుతుంది. జేసీబీ ఆయన చెప్పిన పని చేస్తే పెద్దమ్మ చేనుతో పాటు పక్క చేలు కూడా పోయేవి.

అందుకే వాగు పక్కన కొంత జాగా వదలాలంటారు. ఆఫీసుల్లో దాన్ని 'బఫర్' అంటారు. పట్టణాల్లో, పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని ఊళ్లలో కట్టడాలకు 2012లో ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు అయితే హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. చిన్న వాగు అయితే 2 మీటర్లు వదలాలి. 2002లో వాల్టా చట్టం వచ్చింది. వాల్టా అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. చెట్లు కొట్టడానికి, ఇసుక తీయడానికి ఆ చట్టం కట్టుబాట్లు పెట్టింది.

మరి మన చేను మనం కాపాడుకోవడానికి కూడా అడగాలా? ఈ మాట చిన్న వదిన అడిగింది. అడగాల్సిన మాటే. మన పట్టాలో వట్టివేరు నాటుకోను ఎవరినీ అడగక్కర్లేదు. కానీ వాగు సర్కారు భూమి. రికార్డులో 'వాగు పోరంబోకు' అని ఉంటుంది. అందులో రాయి పెట్టాలన్నా, మట్టి తీయాలన్నా అనుమతి కావాలి. ఎందుకంటే మనం ఇక్కడ నిలువు గోడ కడితే నీళ్లు ఎదుటి ఒడ్డుకు మళ్లుతాయి. అక్కడ ఇంకొక పెద్దమ్మ చేను ఉంటుంది. వాగు అడవి హద్దులో ఉంటే అడవి శాఖ రేంజి ఆఫీసులో అడగాలి.

పెద్దమ్మ రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. అర్జీ తానే రాస్తానన్నది. 'అయ్యా, మా గట్టు కట్టించండి' అని రాసి మండలాఫీసుకు తీసుకుపోయింది. అక్కడి గుమాస్తా చదివి తిరిగి ఇచ్చాడు. "ఏ వాగు? ఏ సర్వే నంబరు? ఎంత పొడవు? ఏం పని?" అని అడిగాడు. పెద్దమ్మకు కోపం వచ్చింది. బస్సులో వస్తూ ఆలోచిస్తే అతను అడిగింది సబబే అనిపించింది. అడిగిన తీరే బాగాలేదు.

సంఘం వాళ్లు నీటిపారుదల శాఖ ఏఈ గారిని కలిశారు. ఆయన వచ్చి చూశాడు. తాడు పెట్టి కొలిచారు. కోత 60 మీటర్లు తేలింది. ఆయన ఇలా చెప్పాడు: "నిలువు గట్టును వాలుగా చెక్కాలి. కింద కాలు దగ్గర పెద్ద రాళ్లు పేర్చాలి. మొదటి వరుస వాగు అడుగులోకి దిగి ఉండాలి. రెండు కొసలూ గట్టులోకి పొదగాలి. లేకపోతే నీళ్లు రాళ్ల వెనక దూరతాయి. పైన వట్టివేరు, వావిలి నాటాలి. అమ్మా, ఇంకొక మాట. వాలుకు, చెట్లకు కలిపి మీ పట్టాలో 5 మీటర్ల జాగా వదలాలి."

60 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. లీడరమ్మ లెక్క కట్టింది. 300 చదరపు మీటర్లు. దగ్గర దగ్గర మూడు గుంటలు.

"ఎనిమిది గుంటలు వాగు తీసుకున్నది. ఇంకో మూడు నేనే ఇయ్యాల్నా?" అన్నది పెద్దమ్మ. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. నలభైలో పదకొండు పోతే ఇరవై తొమ్మిది.  తెల్లారి పలక, కాగితం తెచ్చుకుని కూర్చుంది.

గ్రామ సభలో అందరి ముందు చదివి తీర్మానం చేయించారు. ఎదుటి ఒడ్డు రైతులను కూడా పిలిచి చెప్పారు. పెద్దమ్మ రాసిన రెండో అర్జీ ఇది. గట్టిగా చదవండి.

తేదీ: ............

తహశీల్దారు గారికి,
............ మండలం.

విషయం: వాగు ఒడ్డు కోత ఆపే పనికి అనుమతి కోరుట.

అయ్యా,

నేను ............ గ్రామంలో సర్వే నంబరు ............ లో ఎకరం పట్టా చేను సాగు చేసుకుంటున్నాను. 2024 సెప్టెంబరు వరదకు 8 గుంటలు కోసుకుపోయింది. బోరు గట్టుకు 10 అడుగుల దూరంలో ఉంది.

వాగు మలుపులో 60 మీటర్ల పొడవున ఒడ్డును వాలుగా చేసి, కింద రాళ్లు పేర్చి, పైన వట్టివేరు, వావిలి నాటడానికి అనుమతి ఇవ్వండి. వాగులో ఇసుక తీయము. ఉన్న చెట్లు కొట్టము. వానాకాలం రాకముందు, మే నెలలో పని ముగిస్తాము. నా పట్టాలో 60 మీటర్ల పొడవున 5 మీటర్ల వెడల్పు జాగా సాగు చేయకుండా వదులుతాను.

తమరు సర్వేయరు గారిని పంపి వాగు హద్దు చూపించగలరు.

ఇట్లు,
............ (సంతకం)

జత చేసినవి: పట్టా కాగితం నకలు, గ్రామ సభ తీర్మానం నకలు, చేతితో గీసిన పటం, కోత ఫొటో.

అర్జీ రెండు కాపీలు రాసుకోవాలి. ఒకటి ఆఫీసుకు. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోవాలి. పెద్దమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

నెల గడిచినా జవాబు రాలేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడికి పోయి ముద్ర ఉన్న కాపీ చూపించారు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద 'మా అర్జీ మీద ఏం చేశారు' అని రాసి అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం కూడా లీడరమ్మ రాసి పెట్టింది. దాని అవసరం పడలేదు. సర్వేయరు వచ్చి గొలుసు పెట్టి కొలిచాడు. హద్దు రాళ్లు పాతాడు.

మార్చిలో అనుమతి వచ్చింది. వాగులోకి యంత్రం దించకూడదని షరతు పెట్టారు. మే నెల ఎండలో సంఘం వాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు చేత్తోనే రాళ్లు పేర్చారు. చిన్న వదిన కాలి వేలు నలిగింది. జూన్‌లో తొలి వాన పడ్డాక పైనున్న పొదల నుంచి వావిలి కొమ్మలు నరుక్కొచ్చి గుచ్చారు. మూరెడు దూరానికి ఒకటి. పెద్దమ్మ తన మూడు గుంటల హద్దున నిలబడి ఒక్కొక్క కొమ్మ అందించింది.

మాటలు నేర్చుకుందాం: అర్జీ, అనుమతి, హద్దు, పోరంబోకు, తీర్మానం, నకలు.

చెప్పండి:
పెద్దమ్మ మొదటి అర్జీ ఎందుకు తిరిగి వచ్చింది?
జేసీబీ ఆయన గట్టు ఊరికే పోస్తానని ఎందుకు అన్నాడు?
పెద్దమ్మ మూడు గుంటలు వదలడం మీకు సబబు అనిపించిందా? మీరైతే ఏం చేసేవారు?

రాయండి: మీ ఊరి వాగు పటం గీయండి. ఎక్కడ కోస్తోందో గుర్తు పెట్టండి. పైన ఉన్న అర్జీలో ఖాళీలు మీ వివరాలతో నింపండి. కొలతలు తాడుతో కొలిచి రాయండి.