నీలి లైటు చేతికిచ్చారు, నోరు మాత్రం ముందు కళ్లతోనే చూడండి

నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ చేసే డెంటల్ డాక్టర్లలో, నర్సుల్లో కొందరి చేతికి ఇప్పుడు వెల్‌స్కోప్ లాంటి నీలి లైటు పరికరాలు వస్తున్నాయి. వాడటం తేలికే. అది చూపించినదాన్ని అర్థం చేసుకోవడమే కష్టం.

సుమారు 400 నుంచి 460 నానోమీటర్ల నీలికాంతి పడితే ఆరోగ్యంగా ఉన్న పొర లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. కణాలు చెడటం మొదలైతే అడుగున కొల్లాజెన్ అల్లిక చెదిరి మెరుపు తగ్గుతుంది, ఆ చోటు నల్లగా కనబడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, రక్తం కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. విరిగిన పన్ను గీరుకున్న పుండైనా, కట్టుడు పళ్ల ఒరిపిడైనా, చిగుళ్ల వాపైనా నల్లగానే ఉంటుంది. పైగా మందంగా పేరుకున్న తెల్లమచ్చ ఒక్కోసారి బాగా మెరుస్తుంది కూడా. కాబట్టి నల్లగా ఉందని క్యాన్సర్ అనకండి, మెరిసిందని ఇంటికి పంపేయకండి.

ముందు కట్టుడు పళ్లు తీయించి, నీళ్లు పుక్కిలించమనండి. మామూలు లైటులో పెదవులు, బుగ్గలు, చిగుళ్లు, అంగిలి చూడండి. నాలుక కొనను గాజ్ గుడ్డతో పట్టి ఒక పక్కకి లాగి, వెనక దవడ పళ్ల దాకా అంచు చూడండి. తర్వాత రెండో పక్క. హడావిడిలో వదిలేసేది ఈ అంచునే. నాలుక కింద గుంటని వేలితో తడిమి గట్టిదనం ఉందేమో చూడండి. ఏ లైటూ గట్టిదనాన్ని చూపించదు.

నీలి లైటు ఆ తర్వాత. క్యాంపులో షామియానా కింద ఎండ వెలుతురులో అది దండగ, తలుపులు మూసిన గది అడగండి. నల్లమచ్చ కనిపిస్తే మౌత్ మిర్రర్ వీపుతో మెల్లగా అదమండి. రక్తం పక్కకి తప్పుకుని ఆకుపచ్చ తిరిగొస్తే అది వాపు కావచ్చు. గీరే పంటిని సరిచేసి రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ముక్క పరీక్షకి పంపాల్సిందే. మామూలు కంటికే అనుమానంగా ఉన్న మచ్చకైతే ఈ గడువు కూడా వద్దు, వెంటనే పంపండి. అలాంటి మచ్చని తేల్చడానికి ఈ లైట్ల మీద ఆధారపడొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లోనే చెప్పింది. మామూలు చూపు తక్కువదేం కాదు. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు కళ్లతో నోళ్లు చూసిన అధ్యయనమే, పొగాకు, మద్యం వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయని 2005లో చూపించింది.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దమ్మలు వస్తే ముందు అంగిలి చూడండి. చుట్ట నిప్పు నోట్లోనే ఉంటుంది కనుక వేడి తగిలేది అక్కడే. తెల్లగా మందమైన పొర మధ్య ఎర్రటి చోటు కనిపిస్తే దాన్ని అసలు వదలొద్దు. ‘చుట్ట తాగుతావా’ అంటే కొందరు సిగ్గుపడి లేదంటారు. ‘అమ్మా, నిప్పు లోపలికి పెట్టుకుంటావా, బయటికా?’ అని మామూలుగా అడిగితే చెప్పేస్తారు.

ఫోటోలు మామూలు లైటులో ఒకటి, నీలి లైటులో ఒకటి, ఒకే కోణంలో తీయండి. రెఫరల్ చీటీలో ‘నల్లమచ్చ’ అని ఊరుకోకుండా ఏ పక్క, ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్నాళ్లుగా ఉందో రాయండి. పేషెంటుతో ‘పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని వదిలేస్తే చాలామంది వెళ్లరు. ఏ రోజు, ఏ ఓపీ, తోడు ఎవరొస్తారు అన్నది అక్కడే తేల్చి, కొడుకుదో కూతురిదో ఫోన్ నంబరు రిజిస్టర్లో రాసుకోండి. ఆ తేదీ దాటిన మర్నాడు ఫోన్ చేయండి.