పాల లెక్కకు వెడల్పు పట్టిక తగునా?

మన పాల ఉత్పత్తిదారుల సంఘాలలో చాలాచోట్ల ఇప్పుడు పాల లెక్క కంప్యూటరులోనే వ్రాస్తున్నారు. తూకము, వెన్న శాతము, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రం నుంచి నేరుగా అందులోకి వెళ్ళి, చీటీ సభ్యుని చేతికి వస్తుంది. ఆ లెక్క లోపల ఏ రూపంలో ఉంటే మాకేమి అని కొందరు సభ్యులు అడుగుతూ ఉంటారు. చీటీలో తప్పు పడిననాడు దానిని సరిగా దిద్దగలమా లేదా అన్నది ఆ రూపాన్ని బట్టే ఉంటుంది. కావున ఈ పాఠం కార్యదర్శులకే కాదు, పాలు పోసే ప్రతివారికీ పనికివస్తుందని మేము తలుస్తున్నాము.

పాత రిజిస్టరు సంగతి అందరికీ తెలిసినదే. ఒక్కొక్క సభ్యునికి ఒక అడ్డు వరుస, ప్రతి తేదీకి కొన్ని నిలువు గడులు. కాగితం మీద ఇది చూపుకు హాయిగా ఉంటుంది. కంప్యూటరు వచ్చాక కూడా చాలామంది ఇదే నమూనాను దానిలోకి దించుతారు. అప్పుడేమవుతుందో లెక్క వేద్దాము. పూటకు కిలోలు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., సొమ్ము అని నాలుగు అంకెలు. రోజుకు ఎనిమిది. 31 రోజుల నెలకు 248 గడులు. ఏడాదికంతటికీ ఒకే పట్టిక అంటే 2,920 గడులు. ఇన్ని గడులను కొన్ని డేటాబేసులు అసలు ఒప్పుకోవు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక పట్టికకు 1,600 నిలువు వరుసలే హద్దు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్‌లో మామూలు పట్టికకు 1,024.

హద్దు ఒక్కటే చిక్కయితే నెలకొక పట్టిక పెట్టి గట్టెక్కవచ్చు. అసలు చిక్కు దిద్దుబాటులో వస్తుంది. 47వ నంబరు సభ్యురాలు 12వ తేదీ సాయంత్రం 4 కిలోల గేదె పాలు పోసిందనుకుందాము. వెన్న 6.5 రాగా, యంత్రం పనిచేయక చేత్తో ఎక్కించినందున 5.6 అని పడింది. కిలో వెన్నకు 800 రూపాయలని లెక్క కోసం తీసుకుంటే, 36 గ్రాముల వెన్న పోయింది, అనగా 28 రూపాయల 80 పైసలు. వెడల్పు పట్టికలో దీనిని దిద్దాలంటే 248 గడులలో సరైన దానిని వెదకాలి. ఉదయం గడికి బదులు సాయంత్రం గడి, 12కు బదులు 13 దిద్దినా యంత్రం అడ్డుచెప్పదు. ఎందుకంటే దాని దృష్టిలో అవన్నీ వేర్వేరు పేర్లు గల గడులు మాత్రమే. ఒకటి తేదీ, ఒకటి పూట అన్న సంగతి దానికి తెలియదు. పైగా అదే వరుస చివర నెల మొత్తం కూడా వ్రాసి ఉంటే, వెన్న దిద్దినా మొత్తం పాతదే మిగులుతుంది. చీటీ ఒకటి, బిల్లు మరొకటి చెబుతాయి. పేచీ మొదలయ్యేది అక్కడే.

దీనికి విరుగుడు 1970లోనే వచ్చింది. ఆ సంవత్సరమే మన దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయింది. అదే ఏడు అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసే కాడ్ అనే శాస్త్రవేత్త రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. దాని సారం మనకు కొత్తదేమీ కాదు. మన షావుకార్లు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవారు కదా! చిట్టాలో ఏ రోజు జరిగినది ఆ రోజు, ఒకదాని కింద ఒకటి. ఆవర్జాలో పేరువారీగా. కంప్యూటరులో మనం చిట్టా ఒక్కటి సరిగా వ్రాస్తే చాలు, ఆవర్జాను అదే తయారుచేసి ఇస్తుంది.

అనగా, పాలు పోసిన ప్రతిసారికీ ఒక అడ్డు వరుస. అందులో సభ్యుని నంబరు, తేదీ, పూట, కిలోలు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., సొమ్ము, అంతే. ఆవు పాలు, గేదె పాలు రెండూ పోసేవారున్న చోట పాల రకం కూడా చేర్చాలి. నంబరు, తేదీ, పూట, రకం కలిపి ఆ వరుసకు తాళంచెవి. ఆ నాలుగూ ఒకటే అయిన రెండో వరుసను యంత్రమే తోసిపుచ్చుతుంది. సభ్యుని పేరు, ఊరు, బ్యాంకు ఖాతా వేరే పట్టికలో ఒక్కసారే ఉంటాయి. 200 మంది రెండు పూటలా తప్పకుండా పోసినా ఏడాదికి 1,46,000 వరుసలు. ఇది చూసి కార్యదర్శులు జంకుతారు గాని, కంప్యూటరుకు ఇది పెద్ద బరువు కాదు.

నిజానికి బరువు వెడల్పు పట్టికతోనే. పోస్ట్‌గ్రెస్ వంటి వాటిలో వరుసలోని ఒక్క అంకె మార్చినా, వరుస మొత్తాన్ని కొత్తగా వ్రాసి, పాత ప్రతిని తరువాత ఊడ్చుతారు. (ఫొటో వంటి పెద్దవాటిని అది వేరుగా దాస్తుంది, వాటిని మళ్ళీ వ్రాయదు.) అంటే ఒక్కొక్క సభ్యుని 250 గడుల వరుస నెలకు 62 సార్లు తిరగవ్రాయబడుతుంది. పొడుగు పట్టికలో పూటకొక చిన్న వరుస చేరుతుంది, పాతవాటి జోలికి పోదు.

ఇంకొక సంగతి. ఏడాదిలో ఇన్ని రోజులు పాలు పోస్తేనే ఓటు అని చాలా సంఘాల బైలాలలో ఉంటుంది. వెడల్పు పట్టికలో ఖాళీ గడి ఉంటే పాలు పోయలేదా, యంత్రం చెడిందా, ఎక్కించడం మరిచారా? తెలియదు. పొడుగు పట్టికలో పాలు పోస్తే వరుస ఉంటుంది, వెన్న తీయలేకపోతే ఆ గడి మాత్రమే ఖాళీగా ఉంటుంది. ఓటు హక్కు లెక్క ఒక్క ప్రశ్నతో తేలుతుంది. మరి నెలంతా ఒకే చూపులో కనపడాలనేవారికి, పొడుగు పట్టిక నుంచే వెడల్పు నమూనాలో అచ్చుతీసి గోడకు తగిలించవచ్చు. ఆ కాగితం చూడడానికి మాత్రమే, దిద్దుబాటు పొడుగు పట్టికలోనే జరగాలి.

దిద్దేటప్పుడు కార్యదర్శులు ఒక అలవాటు చేసుకోవాలి. మార్చమనే ఆజ్ఞ ఇచ్చేముందు అదే షరతుతో చూపించమని అడగండి. ఒక్క వరుసే రావాలి. షరతు మరిచి వెన్న 6.5 చేయమంటే సంఘంలోని సభ్యులందరి వెన్నా 6.5 అయి కూర్చుంటుంది! వెన్న, సొమ్ము రెండూ ఒకే లావాదేవీగా మార్చాలి, మధ్యలో కరెంటు పోతే రెండూ పాతవే నిలవాలి. పాత అంకె, కొత్త అంకె, ఎవరు, ఎప్పుడు, ఎందుకు దిద్దారన్నది వేరొక పట్టికలో చేర్చాలి. సభ్యులు అడిగితే దానిని చూపించవలసిందే.

ధరల పట్టికకూ ఇదే వర్తిస్తుంది. ధర మారినపుడు పాత ధర మీద కొత్తది వ్రాయకూడదు. ఏ తేదీ నుంచి అమలో చూపుతూ కొత్త వరుస చేర్చాలి. లేనిచో గత నెల చీటీ ఏ ధరకు కట్టారో అడిగే సభ్యునికి జవాబు చెప్పడానికి కార్యదర్శి దగ్గర ఏమీ మిగలదు.