ఖాతా మనది, కాపలా కూడా మనదే

మా బడిలో పదో తరగతి పూర్తి చేసిన ఒక అబ్బాయి తల్లి ఒకరోజు నా దగ్గరకు వచ్చి, “సార్, బాబును ఈ ఏడాది కాలేజీలో చేర్పించలేను. ఏదైనా షాపులో పని చూడండి” అన్నారు. మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు. ఎందుకమ్మా అని రెండు మూడుసార్లు అడిగితే గానీ అసలు సంగతి చెప్పలేదు.

అంతకు నాలుగు రోజుల ముందు ఆమెకు ఒక ఫోన్ వచ్చింది. అవతలి మనిషి చక్కటి తెలుగులో కొడుకు పేరు, బడి పేరు, తరగతి అన్నీ చెప్పాడు. “స్కాలర్‌షిప్ మంజూరైంది, సాయంత్రంలోగా తీసుకోకపోతే వెనక్కి పోతుంది” అన్నాడు. వాట్సాప్‌లో లింకు పంపాడు. అది నొక్కగానే డబ్బులు పంపే యాప్ తెరుచుకుంది. తెరమీద ‘పే’ అని ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. “పిన్ నొక్కండమ్మా, మీ ఖాతాలో పడుతుంది” అన్నాడు. నొక్కారు. బట్టలు కుట్టి రెండేళ్లుగా కూడబెట్టిన 18,000 రూపాయలు క్షణంలో పోయాయి.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాతి నాలుగు రోజులు. ఇంట్లో తిడతారని, బంధువులు నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటికప్పుడు 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించాను. కానీ అప్పటికే ఆ సొమ్ము చేతులు మారిపోయింది. ఫీజు సంగతి నలుగురం కలిసి చూశాం, బాబు చదువుకుంటున్నాడు. “నా పేరు చెప్పకుండా నలుగురికీ చెప్పండి సార్” అని ఆమే అన్నారు. అందుకే ఈ పాఠం.

పిన్ దేనికి?

యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, ఖాతాలో నిల్వ చూసుకోవడానికి కావాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, దేన్నీ స్కాన్ చేయనక్కర్లేదు. పింఛను గానీ, గల్ఫ్ నుంచి కొడుకు పంపే సొమ్ము గానీ మనం నిద్రపోతున్నా ఖాతాలో పడుతుంది కదా! కాబట్టి “పిన్ నొక్కితే డబ్బు వస్తుంది” అన్న మాట వినబడగానే ఫోన్ పెట్టేయాలి.

పిన్ మన బీరువా తాళంచెవి. ఓటీపీ ఒక్కసారికి పనికొచ్చే తాళంచెవి. కార్డు మీద ఉండే మూడంకెల సీవీవీ, పాస్‌వర్డ్ కూడా అంతే. వీటిని బ్యాంకు మేనేజరుకు కూడా చెప్పనవసరం లేదు, ఆయన అడగరు కూడా.

మన వివరాలు తెలిసినవాడు మనవాడు కాదు

కొడుకు పేరు, బడి పేరు చెప్పాడు కాబట్టి ఆమె నమ్మారు. కానీ మన వివరాలు ఎన్ని చోట్ల ఇస్తున్నామో ఆలోచించండి. సిమ్ కార్డు కొన్నచోట, లాడ్జిలో, జిరాక్స్ షాపులో, దరఖాస్తు నింపిన ఇంటర్నెట్ సెంటర్లో. అవి ఎవరి చేతికైనా చిక్కవచ్చు. అవసరమైన చోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ కాపీ ఇస్తే, ఏ పనికోసం ఇస్తున్నారో తేదీతో సహా దానిమీద రాసి సంతకం చేయండి.

వేలిముద్రతో డబ్బు తీసుకునే పెద్దవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. “ముద్ర పడలేదు, మళ్లీ పెట్టండి” అంటే వెంటనే వేలు పెట్టకండి. మొదటిది విఫలమైనట్టు రసీదు అడగండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే సదుపాయం ఉంది. రేషన్ తీసుకునేటప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. సందేహముంటే ఆధార్ సహాయ నంబరు 1947.

భయం, ఆశ, తొందర

మోసగాడు వేసే వేషాలు వేరైనా వాడి చేతిలో ఉండేవి ఈ మూడే.

భయం: పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్ చేసి, “మీ పేరుమీద వచ్చిన పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు” అంటాడు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, కేసు మాఫీకి డబ్బు వేయమనడు.

ఆశ: తక్కువ ధరకు ఉమ్రా, ఇంట్లో కూర్చుని రోజుకు వేలు, నెలలో రెట్టింపు. డబ్బు కట్టేముందు ఆ కార్యాలయానికి స్వయంగా వెళ్లండి, ఇంతకుముందు వెళ్లివచ్చినవారిని అడగండి. రంజాన్‌లో వాట్సాప్‌కు వచ్చే రోగి ఫొటో, క్యూఆర్ కోడ్ చూసి జకాత్ పంపేముందు ఆ కుటుంబాన్ని గానీ, ఆసుపత్రిని గానీ విచారించండి. జకాత్ అసలు హక్కుదారుకు చేరాలి కదా.

తొందర: “ఈరోజే కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది” అంటూ ఒక ఫైలు పంపుతారు. పెళ్లి శుభలేఖ పేరుతోనూ, ట్రాఫిక్ చలానా పేరుతోనూ పంపుతారు. చివర ‘ఏపీకే’ అని ఉంటే తెరవకండి. అది ఫోన్‌లోకి దూరి మన ఓటీపీలను వాళ్లకు చేరవేసే యాప్ కావచ్చు.

ఖాతా అద్దెకివ్వకండి

ఇది మన యువకులకు. “నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం” అని స్నేహితుడే అడగవచ్చు. ఆ డబ్బు పైన చెప్పిన తల్లిలాంటి వారి కష్టార్జితం. పోలీసులు ముందుగా పట్టుకునేది ఖాతాదారునే. ఖాతా స్తంభిస్తుంది, కేసు పడుతుంది, ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ అడ్డంకులొస్తాయి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ మన దగ్గరున్న అమానత్తే. మరొకరి చేతిలో పెట్టకూడదు.

జరగరానిది జరిగితే

1. వెంటనే 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఇంకా మోసగాడి ఖాతాలోనే ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

2. బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ ఆపించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

3. మెసేజ్‌లు, లావాదేవీ నంబరు, వాళ్ల ఫోన్ నంబరు భద్రపరచండి. ఏదీ చెరిపేయకండి.

4. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448.

2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే నష్టం మనమీద పడదు. ఏడు పనిదినాల్లోపు తెలిపితే ఒక పరిమితి వరకే భరించాలి. మనమే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినది మన నష్టమే. తెలిపిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. రెండు సందర్భాల్లోనూ ఆలస్యమే మనకు నష్టం.

ఇంటి పని

పాఠం చివర ఇంటి పని ఇవ్వడం నా అలవాటు. ఈ రాత్రి భోజనాల తర్వాత అమ్మీని, అబ్బాను, నానీమాను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు రావడానికి పిన్ కావాలా? పోలీసులు ఫోన్‌లో అరెస్టు చేస్తారా? డబ్బు పోతే ముందు ఎవరికి చెప్పాలి?

మూడో ప్రశ్నకు “1930కి” అంటే సగం మార్కులే. “ఇంట్లోవాళ్లకు, 1930కి” అంటేనే పూర్తి మార్కులు. ఆ జవాబు రావాలంటే, పొరపాటు చేసినవారిని తిట్టబోమని మనం ముందే మాట ఇవ్వాలి. ఆ తల్లికి ఇంట్లో అలాంటి మాట ఒక్కటి దొరికి ఉంటే, నాలుగు రోజులు ఆగేవారు కాదు.