కీప్యాడ్ వెలిగినంత మాత్రాన

చిరంజీవి శ్రావణికి,


నువ్వు పంపిన ఫోటోలు చూశాను. దూలపల్లిలో ఆ విల్లా వాళ్లు ఇంటికి రంగులు వేయించి, అలారం సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ గోడలకెక్కించారు. హాల్లో కీప్యాడ్ వెలుగుతోంది, నంబర్లు నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. "మామా, కీప్యాడ్ పోయినట్టుంది, కొత్తది తెప్పించుకొమ్మని చెప్పనా?" అని అడిగావు. అప్పుడే చెప్పకు బిడ్డా. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను, పనికి వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకో.

రంగులకు ముందు పనిచేసిన కీప్యాడ్ గోడ మీంచి దించగానే పాడైపోవడం చాలా అరుదు. విప్పి బిగించిన సిస్టమ్‌లో తప్పు నూటికి తొంభై పాళ్లు విప్పిన చోటో, బిగించిన చోటో దొరుకుతుంది. కాబట్టి మీటరు తీయకముందే ఇంటివాళ్లను అడుగు. ఎవరు విప్పారు? ఏమేం విప్పారు? బ్యాటరీ ఎన్నాళ్లు విడిగా పడి ఉంది? పైన ఒకటీ కింద ఒకటీ కీప్యాడ్లుంటే ఏది ఎక్కడిదో ఎవరైనా గుర్తు పెట్టారా? ఈ ప్రశ్నలకు ఆఫీసు నుంచి ఫోన్లో మాట్లాడే ఇంటాయన జవాబు కన్నా, పెయింటర్లకు రోజంతా టీలు పెట్టిన పెద్దావిడ జవాబు పక్కాగా ఉంటుంది. ఆమెతో కాసేపు మాట్లాడడాన్ని టైం వేస్టు అనుకోకు.

ఇక అసలు విషయం. కీప్యాడ్‌కు వచ్చేవి నాలుగు తీగలు: ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ. ఎరుపు, నలుపు కరెంటుకు. పసుపు, ఆకుపచ్చ సిస్టమ్‌ను నడిపే ప్యానెల్‌తో మాటలకు. మన దగ్గర ఎక్కువగా కనిపించే హనీవెల్ విస్టాలోనూ, డీఎస్‌సీ పవర్ సిరీస్ ప్యానెళ్లలోనూ రంగులు ఇవే. విస్టాలో పసుపు తీగ ప్యానెల్ మాటను కీప్యాడ్‌కు తెస్తుంది, ఆకుపచ్చ తీగ నువ్వు నొక్కిన నంబరును ప్యానెల్‌కు చేరుస్తుంది. వెలుగు రావడానికి మొదటి జంట చాలు, రెండో జంట లేకపోయినా లైటు చక్కగా వెలుగుతుంది. లైటు చూసి కనెక్షన్ ఉందనుకోవడమే ఈ పనిలో కొత్తవాళ్లందరూ పడే గుంట. విస్టా కీప్యాడ్ మీద 'ఓపెన్ సర్క్యూట్' అనో, చిన్న మోడల్ అయితే 'ఓసీ' అనో పడితే, ప్యానెల్ మాట తనకు అందడం లేదని అది నోరు విప్పి చెప్పినట్టే. అప్పుడు ముందుగా పసుపు తీగ వెంట పో.

నీ రెండో ఫోటో పెద్దది చేసి చూడు. కీప్యాడ్ వెనక తీగలన్నీ ఒకే తెలుపులో ఉన్నాయి. పెయింటర్ ప్లేటు ఊడదీసి తీగలను అలాగే వేలాడదీశాడు, రోలర్ వాటి మీదుగా కూడా పోయింది. ప్రైమర్ కింద పసుపేదో పచ్చేదో వాడికీ తెలియదు, తర్వాత బిగించిన వాడికీ తెలియదు. గోరుతో గీకి చూడు, అసలు రంగు బయటపడుతుంది. పసుపు, ఆకుపచ్చ తారుమారయ్యాయని నా అనుమానం. ఇంకొకటీ చూడు. కుడి వైపు స్క్రూ కింద రాగి కనిపించడం లేదు, ప్లాస్టిక్ తొడుగు మీదే స్క్రూ బిగుసుకుంది. లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. చివర్లు కత్తిరించి, కొత్తగా అర అంగుళంలోపు తొడుగు ఒలిచి బిగించు. టెర్మినల్ సందుల్లో పుట్టీ పొడి ఉంటే పొడి బ్రష్షుతో దులుపు, నీళ్లు తగలనీయకు.

తీగ ముట్టుకునే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు పీకి, బ్యాటరీ తీగ కూడా ఊడదీయాలి. రెండూ. ఒక్కటే తీసి స్క్రూడ్రైవర్ పెట్టే అలవాటు మీ బ్యాచ్ వాళ్లలో చూశాను. ఎరుపు, నలుపు ఒక్కసారి తాకితే బోర్డు మీద రక్షణ ఫ్యూజు పనిచేసి ఔట్‌పుట్ ఆపేస్తుంది. కాసేపు కరెంటు తీసి చల్లారనిస్తే చాలామటుకు తిరిగి వస్తుంది. ఈలోగా 'బోర్డు కాలిపోయింది' అని ఇంటివాళ్లను భయపెట్టకు.

అన్నీ బిగించి కరెంటు ఇచ్చాక మీటరు డీసీలో పెట్టి కీప్యాడ్ దగ్గరే ఎరుపు–నలుపు మధ్య వోల్టేజీ చూడు. 13 చిల్లర ఉంటే బాగున్నట్టు. ప్యానెల్ దగ్గర 13.8 ఉండి కీప్యాడ్ దగ్గర 11 వస్తుంటే దారిలో ఎక్కడో చెడ్డ జాయింట్ ఉంది. ఇది ఊహ కాదు, లెక్క. 22 గేజి రాగి తీగ మీటరుకు సుమారు 0.053 ఓములు. ప్యానెల్ నుంచి కీప్యాడ్ 30 మీటర్లు ఉంటే పోను రాను 60 మీటర్లు, అంటే మూడు ఓములు చిల్లర. కీప్యాడ్ 150 మిల్లీ ఆంపియర్లు తాగినా పడిపోయేది అర వోల్టు. రెండున్నర వోల్టుల పైనే పడుతుంటే తప్పు తీగ పొడవుది కాదు, ఫాల్స్ సీలింగ్ పైన ఎవడో చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటుది. అదే ప్యానెల్ దగ్గర కూడా తక్కువ చూపిస్తే ఆ ఔట్‌పుట్ మీదున్న సెన్సర్లు, కీప్యాడ్లు అన్నీ విప్పి, ఒక్కొక్కటే కలుపుతూ రా. ఏది కలిపినప్పుడు పడిపోయిందో దోషి అదే.

వోల్టేజీ, తీగలు సరిగ్గా ఉండి కూడా ప్యానెల్ పలకకపోతే అడ్రస్ చూడాలి. ఆ విల్లాలో గేటు దగ్గర ఇంటర్‌కామ్ ఉంది కదా, వాచ్‌మన్ ఇంటి నంబరు తప్పు నొక్కితే పక్కింట్లో మోగుతుంది, ఇదీ అంతే. విస్టా 20పీలో మొదటి కీప్యాడ్ అడ్రస్ 16. రెండోదానికి 17 ఇవ్వాలి, ఇచ్చి ఊరుకుంటే చాలదు, ప్యానెల్ ప్రోగ్రామింగ్‌లో ఆ 17ను ఆన్ చేయాలి కూడా. 6160 కీప్యాడ్‌కైతే కరెంటు ఇచ్చిన 60 సెకన్ల లోపు 1, 3 కలిపి నొక్కి పట్టుకుంటే అడ్రస్ తెర మీదికి వస్తుంది. అక్కడ 31 కనిపిస్తే ఆ కీప్యాడ్ వేరే రకం ప్యానెళ్ల కోసం సెట్ అయి ఉన్నట్టు, 20పీతో మాట్లాడదు. రెండు కీప్యాడ్లలోనూ 16 ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడి పిచ్చి గీతలు చూపిస్తాయి. పైన ఉండేది కింద, కింద ఉండేది పైన బిగించారా అని ముందే అడగమన్నది ఇందుకే: అడ్రస్ కీప్యాడ్‌లో ఉంటుంది, గోడలో కాదు.

డీఎస్‌సీలో పద్ధతి వేరు. అక్కడ పసుపు త్రికోణం వెలిగితే స్టార్, 2 నొక్కు. 1 వెలిగితే సర్వీసు కావాలని, 2 అయితే కరెంటు లేదని, 3 ఫోన్ లైను, 5 జోన్ లోపం, 6 జోన్ టాంపర్, 8 అయితే గడియారం పోయిందని. కరెంటు, బ్యాటరీ రెండూ తీసి పెట్టిన ప్రతిసారీ 8 తప్పకుండా వస్తుంది, కంగారు పడకు. స్టార్, 6, మాస్టర్ కోడ్, ఆ తర్వాత 1 నొక్కి టైమూ తేదీ ఇస్తే పోతుంది. 1 వచ్చినప్పుడు మళ్లీ 1 నొక్కితే లోపలి జాబితా వస్తుంది: అందులో 1 బ్యాటరీ, 2 సైరన్ లైను, 5 అయితే ఇంతకుముందు తనకు తెలిసిన కీప్యాడో మాడ్యూలో ఇప్పుడు కనిపించడం లేదని. పాత కీప్యాడ్‌ను నిజంగానే తీసేసి ఉంటే ఇన్‌స్టాలర్ ప్రోగ్రామింగ్‌లో 902 ఇచ్చి ఒక నిమిషం ఆగు, ప్యానెల్ తన మీదున్న వాటిని మళ్లీ లెక్క వేసుకుంటుంది. తర్వాత 903లో ఏవేవి కనిపిస్తున్నాయో చూడు. సైరన్ ఊడదీసి పరీక్ష చేస్తుంటే ఆ రెండు టెర్మినళ్ల మధ్య వెయ్యి ఓముల రెసిస్టర్, గోధుమ–నలుపు–ఎరుపు గీతలది, పెట్టు. లేకపోతే సైరన్ లైను తెగిందని అది గొడవ చేస్తూనే ఉంటుంది.

ఏమీ తోచనప్పుడు ఫ్యాక్టరీ డీఫాల్ట్ కొట్టాలనిపిస్తుంది. విస్టాలో స్టార్ 97 అంటే అంతే సంగతులు. ఏ జోన్ ఏ తలుపు, లోపలికి వచ్చాక ఎన్ని సెకన్ల గడువు, ఎవరి ఫోన్‌కు కబురు పోవాలి, అన్నీ చెరిగిపోతాయి. కీప్యాడ్ తీగలో ఉన్న తప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ప్రోగ్రాం కాగితం మీద రాసుకోకుండా డీఫాల్ట్ జోలికి పోవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

కీప్యాడ్ మాట్లాడడం మొదలుపెట్టాక అసలు ఫిర్యాదులు బయటికి వస్తాయి. ఫలానా జోన్ తెరిచి ఉంది అంటుంది, తలుపేమో మూసే ఉంటుంది. అక్కడ రెసిస్టర్ చూడు. దీని పుట్టుక చెబుతాను, అప్పుడు ఎప్పటికీ మర్చిపోవు. 1853లో అమెరికాలో అగస్టస్ రస్సెల్ పోప్ అనే ఆయన విద్యుత్తుతో పనిచేసే దొంగల గంటకు పేటెంట్ తీసుకున్నాడు. తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి గంట మోగేది. కొన్నేళ్లకు ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దాన్ని వ్యాపారం చేశాడు. ఆ ఏర్పాటులో ఒక చిక్కుంది, దొంగ ముందే తీగ కోస్తే గంట మోగదు. అందుకని తర్వాతి కాలంలో లూపు ఎప్పుడూ కలిసే ఉండేట్టు, చివర్న ఒక రెసిస్టర్ ఉండేట్టు చేశారు. డీఎస్‌సీలో అది 5600 ఓములు, ఆకుపచ్చ–నీలం–ఎరుపు గీతలు. విస్టాలో 2000, ఎరుపు–నలుపు–ఎరుపు. జోన్ తీగను టెర్మినల్ నుంచి ఊడదీసి ఓముల్లో కొలువు. ఆ అంకె వస్తే లైను బాగుంది. అనంతం వస్తే తెగింది, లేదా తలుపు తెరిచి ఉంది. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో రెండు తీగలూ అతుక్కున్నాయి, గోడలో దిగిన కొత్త మేకు తొడుగు చీల్చి ఉండొచ్చు.

ఆ రెసిస్టర్ ఉండాల్సింది తలుపు దగ్గర సెన్సర్‌లో. పని తేలికని ప్యానెల్ పెట్టెలోనే బిగించే వాళ్లు మన ఊళ్లో బోలెడు మంది. అలా చేస్తే ఆ పెట్టె నుంచి తలుపు దాకా తీగలు అతుక్కుపోయినా ప్యానెల్‌కు తెలియదు. ఈ ఇంట్లో అలా కనిపిస్తే ఇంటివాళ్లకు చెప్పి, సరైన చోటికి మార్చు. అదనంగా గంట పడుతుంది. పట్టనీ.

కొత్త రంగుకు సంబంధించిన తప్పులు ఇంకో రెండు. పుట్టీ మందం పెరిగితే కీప్యాడ్ వెనక టాంపర్ బటన్ గోడకు ఆనదు, ఎవరో పీకుతున్నారని కూస్తూ ఉంటుంది. వెనక ప్లేటు సమంగా కూర్చోబెట్టు, అట్టముక్క దూర్చి వచ్చేయకు. తలుపులకు కొత్త పాలిష్ పట్టించి ఉంటే అయస్కాంతానికీ స్విచ్చుకూ మధ్య ఎడం పెరిగి ఉండొచ్చు, వానాకాలం చెక్క ఉబ్బితే మరీను. గోడ మూలల్లో ఉండి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్లు కరెంటు వచ్చిన నిమిషం రెండు నిమిషాలు కుదురుకోవు, అంతవరకు ఆగు. దూలపల్లిలో ఫారెస్ట్ అకాడమీ వైపు చెట్లు దట్టం, లైటుకు పురుగులూ, పురుగులకు బల్లులూ వస్తాయి. లెన్సు మీదుగా బల్లి పాకితే సెన్సర్‌కు అదీ కదలికే. అవి లోపలికి దూరకుండా కేబుల్ రంధ్రం సిలికాన్‌తో మూసెయ్.

కరెంటు సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ 230 తీసుకుని 16.5 వోల్టుల ఏసీ ఇస్తుంది. దాని ప్లగ్గు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ లైను మీద ఉంటే గుయ్యిమంటూ వేడెక్కుతుంది. నేరుగా మెయిన్ లైను మీద పెట్టి, గాలివానకు కరెంటు పోయినప్పటి సంగతి బ్యాటరీకి వదిలెయ్. అది 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. రంగుల పని సాగినన్నాళ్లూ చార్జింగ్ లేకుండా మూలన పడి ఉంటే ఎండిపోయి ఉంటుంది. మెయిన్ పీకి, కాసేపు బ్యాటరీ మీదే నడిపి, సైరన్ ఒక్కసారి మోగించి చూస్తే దాని బండారం తెలిసిపోతుంది. కొత్తది వేస్తే మార్కర్‌తో తేదీ రాయి. మరొకటి, ఆన్ చేసేటప్పుడు మాస్టర్ కోడ్ దగ్గర పెట్టుకో. ఆపేసే నాటికి సిస్టమ్ ఆర్మ్ అయి ఉంటే చాలా ప్యానెళ్లు అదే స్థితిలో లేస్తాయి, సైరన్‌తో సహా.

పోయే ముందు గేటు దగ్గర వాచ్‌మన్‌కూ పక్కింటివాళ్లకూ చెప్పి, ప్రతి తలుపూ తెరిచి, ప్రతి గదిలో నడిచి పరీక్ష చెయ్. ఫోన్‌కు కబురు నిజంగా వచ్చిందా చూడు. జీఎస్‌ఎం డయలర్ పాత 2జీ రకమైతే అందులో జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు. సిమ్ ఏదైనా రీచార్జి ఉందా లేదా అన్నది వాళ్ల ఎదుటే చూసుకో. పెయింటర్లకు చెప్పిన కోడ్ ఏదైనా ఉంటే మార్పించు, 1234 లాంటివి ఉంటే అది మొదట.

వాళ్లు సంక్రాంతికి తాళం వేసి ఊరికి వెళ్తామన్నారని రాశావు. అలారం ఉంది కదా అని ఊరుకోవద్దని, వెళ్లే ముందు పేట్‌బషీరాబాద్ స్టేషన్‌లో చెప్పి వెళ్లమను. ఆంధ్రాలో అయితే తాళం వేసిన ఇళ్ల కోసం పోలీసులదే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది, అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు. ఇక్కడ మనం చెప్పుకుంటేనే బీట్ కానిస్టేబుల్‌కు ఆ ఇల్లు గుర్తుంటుంది.

పసుపు, ఆకుపచ్చ సరిచేశాక తెర మీద ఏం వచ్చిందో ఫోటో తీసి పంపు. ఇంకా ఓపెన్ సర్క్యూటే వస్తే ప్యానెల్ పక్కనే చిన్న తీగ ముక్కలతో అదే కీప్యాడ్ కలిపి చూడు. అక్కడ పలికితే గోడలో కేబుల్ మార్చాలి, అక్కడా పలకకపోతే అప్పుడు కొత్త కీప్యాడ్ మాట ఎత్తు. అమ్మకు అడిగానని చెప్పు.

నీ మేనమామ