కార్డు మీద అంకె

శనివారం సాయంత్రం. నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆడవాళ్లు పనులు ముగించుకుని రామాలయం అరుగు మీద కూర్చున్నారు. పొదుపు సంఘం మీటింగు మొదలైంది.

ఒక కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు ఐదో నెల. మొహం పాలిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బిందె ఎత్తితే కళ్లు తిరుగుతాయి.

"ఏందమ్మా, అట్టా ఉండావు?" అని పక్కనున్నామె అడిగింది.

"కడుపుతో ఉంటే అంతేలే. మేం కనలేదా?" అంది అత్త.

ఆ అత్త ఈమధ్యే రాత్రిబడిలో చదువు నేర్చింది. కోడలి సంచిలో తల్లీబిడ్డ కార్డు ఉంది. పక్కనున్నామె దాన్ని తీసి అత్త చేతిలో పెట్టింది.

"నీకు చదువొచ్చు గదా వదినా, చదువు" అంది.

అత్త వేలు పెట్టి ఒక్కో గడీ చూసింది. పేరు చదివింది. తేదీ చదివింది. బరువు చదివింది. ఒక గడి దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ 8 అని ఉంది. ఇదేంది?" అని అడిగింది.

ఆశా కార్యకర్త అక్కడే ఉంది. "అది రక్తం లెక్క పిన్నీ. హిమోగ్లోబిన్ అంటారు. కడుపుతో ఉన్నామెకు కనీసం 11 ఉండాలి. నీ కోడలికి 8 ఉంది" అంది.

అత్త మాట్లాడలేదు. ఆమెకు తీసివేతలు వచ్చు. మూడు తక్కువ.

రక్తం తగ్గితే ఏమవుతుంది?

మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును రక్తం ఒళ్లంతా మోస్తుంది. ఆ పని చేసేది హిమోగ్లోబిన్. అది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఇనుము చాలకపోతే నీరసం, ఆయాసం, తలతిప్పు వస్తాయి. దీన్నే రక్తహీనత అంటారు.

కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ తల్లికి ఇనుము ఎక్కువ కావాలి. అది అందకపోతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. కాన్పులో రక్తం పోతే, ముందే రక్తం తక్కువున్న తల్లి తట్టుకోలేదు. ప్రాణానికే ముప్పు.

ఇది ఒక్కరి జబ్బు కాదు. 2019-21లో ప్రభుత్వం సర్వే చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని తేలింది.

అత్త మాట

"ఇనుము మాత్రలు ఇచ్చాను గదా, మింగుతుండావా?" అని ఆశా కార్యకర్త కోడలిని అడిగింది.

కోడలు తల దించుకుంది.

"నేనే వద్దన్నా" అంది అత్త. "మాత్రలు మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుద్దన్నారు. దొడ్డికి కూడా నల్లగా పోయింది. భయమేసింది."

"మాత్రల వల్ల కాన్పు కష్టం కాదు పిన్నీ. రక్తం లేకపోతేనే కష్టం. దొడ్డికి నల్లగా పోవడం ఇనుము వల్లే. దానికి భయం లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక మింగాలి. టీతో, పాలతో మింగకూడదు" అంది ఆశా కార్యకర్త.

ఇంకొకామె నిట్టూర్చింది. "మాత్రలు సరే. మంచి తిండి తినాలంటే డబ్బులేవి? ఆసుపత్రి చూస్తే అంత దూరం. మనవల్ల ఏమవుద్ది?"

అవ్వ చెప్పిన సంగతి

అప్పటిదాకా వింటున్న అవ్వ నోరు విప్పింది.

"మావల్ల ఏమవుద్దని అప్పట్లో మేమూ అన్నాం. 1990లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడికి పోయాం. పాఠంలో సారా గురించి చదివాం. మా ఇళ్లల్లో సంగతే అది. కూలి డబ్బంతా సారా కొట్టుకు పోయేది. పిల్లలు పస్తులుండేవాళ్లు. దూబగుంటలో ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. 1992లో ఊరూరా ఆడవాళ్లు లేచారు. చీపుర్లు, కారం పట్టుకుని నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు కట్టాం. మా దగ్గర అప్పుడు డబ్బుందా? కలిసి కూర్చున్నాం, అంతే. లేనివాటి లెక్క వదిలెయ్యండి. ఉన్నవాటి లెక్క రాయండి."

ఉన్నవాటి లెక్క

అత్త బలపం తీసుకుంది. అరుగు మీదే రాసింది. ఒక్కొక్కరూ చెప్పారు.

"మా దొడ్లో మునగచెట్టుంది. ఎవరైనా ఆకు కోసుకోవచ్చు."

"మాకు నిమ్మచెట్టుంది."

"నా కోళ్లు గుడ్లు పెడుతుండాయి."

"రాగులు, సజ్జలు, నువ్వులు ఇంట్లోనే ఉండాయి. మనమే మానేశాం."

"అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్లకు ఆహారం ఇస్తారు. రోజూ నేను తోడు తీసుకుపోతా."

"ఆసుపత్రికి ఆటో డబ్బు సంఘం అప్పుగా ఇస్తుంది."

అరుగు నిండిపోయింది. చివర అత్త తన మాట రాసింది. చదివి వినిపించింది.

"రేపటి నుంచి కోడలు నాతోపాటే తింటుంది."

ఆ మాటకు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలింది తినడం అందరికీ అలవాటే. కూర అడుగంటిన రోజున పచ్చడే గతి. రక్తం తగ్గడానికి అదీ ఒక కారణం.

ఆ తర్వాత

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. అత్తే కోడలిని తీసుకుపోయింది. డాక్టరు నులిపురుగుల మాత్ర ఇచ్చారు. ఇనుము మాత్రలు రోజుకు రెండు రాశారు. కోడలు మాత్ర మింగినప్పుడల్లా అత్త గోడ మీద ఒక గీత గీసింది.

రెండు నెలలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేశారు. కార్డు అత్త చేతికి వచ్చింది. 10 అని ఉంది.

"ఇంకా ఒకటి కావాలి" అంది అత్త. గీతలు ఆపలేదు.

ఆరోజే ఆమె నర్సు ముందు తన వేలు కూడా చాపింది. "నాకెంతుందో చూడమ్మా" అంది. కడుపుతో లేని ఆడవాళ్లకు 12 ఉండాలి. అత్తకు 9 ఉంది. మేం కనలేదా అన్న అత్త ఇన్నేళ్లూ నీరసంతోనే పనిచేసింది. అది నీరసమని ఆమెకే తెలియదు.

తర్వాత శనివారం అరుగు మీద ఆ సంగతి చెప్పింది. ఆ నెలలో సంఘంలో అందరూ పరీక్ష చేయించుకున్నారు.

గుర్తుంచుకుందాం

1. తోటకూర, మునగాకు, రాగులు, సజ్జలు, నువ్వులు, అలసందలు తినాలి. వీలైతే గుడ్డు, చేప, మాంసం తినాలి.

2. నిమ్మ, ఉసిరి, జామ తింటే ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు.

3. రక్తం బాగా తగ్గితే తిండి ఒక్కటే చాలదు. మాత్రలు మింగాలి. ఓపిక వచ్చిందని మధ్యలో ఆపకూడదు.

4. కొంకిపురుగులు పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. చెప్పులు వేసుకోవాలి. మరుగుదొడ్డి వాడాలి.

5. గర్భిణికి 7 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి. ప్రమాదమనిపిస్తే 108కి ఫోన్ చేయాలి.

ఆలోచిద్దాం, రాద్దాం

1. మీ ఇంట్లో చివర తినేది ఎవరు? ఎందుకు?

2. మీ అంకె ఎంత? తెలియకపోతే ఎప్పుడు తెలుసుకుంటారు?

3. మీ ఊళ్లో ఉన్నవాటి లెక్క రాయండి. సంఘంలో చదివి వినిపించండి.