మలేరియా నుంచి రక్షణ, దానికి కట్టిన మూల్యం

ఆరోగ్యవంతుడి ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారిలో 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే ఇందుకు కారణం. ఆక్సిజన్ తగ్గగానే ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. కణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని నొప్పులు, రక్తహీనత, చికిత్స అందకపోతే పసితనంలోనే మరణం. ఇంత హాని చేసే జన్యువును ప్రకృతి వరణం ఎప్పుడో తుడిచిపెట్టి ఉండాలి కదా?

దీనికి జవాబు ఆఫ్రికాలో దొరికింది. ఆంథొనీ ఆలిసన్ అనే వైద్యుడు ఉగాండాలో పిల్లల రక్తం పరీక్షించి, 1954లో ఫలితాలు ప్రచురించాడు. కొడవలి జన్యువు ఉన్న 43 మందిలో 12 మందికి మలేరియా పరాన్నజీవి కనిపించింది. అది లేని 247 మందిలో 113 మందికి ఉంది.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చినవారిని వాహకులంటారు. వీరికి సాధారణంగా జబ్బు ఉండదు. వీరి రక్తకణంలోకి ఫాల్సిపారం పరాన్నజీవి చొరబడితే, ఆ కణం త్వరగా వంగిపోతుంది. ప్లీహం దాన్ని పరాన్నజీవితో సహా ఏరి పారేస్తుంది. వాహకుల రక్షణకు ఇదొక్కటే కారణం కాదు గానీ, ముఖ్యమైన వాటిలో ఒకటి.

మరి ఇంత మేలు చేసే జన్యువు అందరిలోకీ ఎందుకు పాకలేదు? చిన్న లెక్క వేద్దాం. ఒక సమాజంలోని ఈ జన్యువు ప్రతుల్లో నూటికి 10 కొడవలి రకానివి అనుకోండి. అప్పుడు పుట్టే ప్రతి వందమందిలో 18 మంది వాహకులు, ఒకరు రోగి. ఆ ప్రతులు 20 అయితే వాహకులు 32, రోగులు 4. రక్షణ పొందేవారు రెట్టింపు కూడా కాలేదు, రోగులు మాత్రం నాలుగింతలయ్యారు! అందుకే జన్యువు ఒక స్థాయికి చేరి ఆగిపోతుంది. మలేరియా ఎంత తీవ్రమైతే ఆ స్థాయి అంత ఎక్కువ. ఇక్కడ ప్రకృతి వరణం పరిపూర్ణమైన రక్తకణాన్ని తయారు చేయలేదు. మరణాల మొత్తం తక్కువయ్యే చోట బేరం కుదిరింది, అంతే. ఆ బేరంలో నష్టపోయేది ప్రతిసారీ ఎవరో ఒక బిడ్డ.

మన దేశంలో ఈ జన్యువును 1952లో నీలగిరి గిరిజనుల్లో తొలిసారి గుర్తించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది. అక్కడి నుంచి మలేరియా అంతగా లేని నగరానికి వచ్చి స్థిరపడిన కుటుంబానికి ఆ రక్షణతో పని తీరిపోతుంది. జన్యువు మాత్రం వెంటే వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. ముందు ముగ్గురు ఆరోగ్యంగా పుట్టారన్నది నాలుగో బిడ్డకు హామీ కాదు.

2023 జులైలో ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షలో వాహకుడని తేలితే రోగి అని అర్థం కాదు. పెళ్లికి ముందు అవతలి వారి ఫలితం కూడా తెలుసుకోవాలి.