బెల్స్ పాల్సీ: ముందు కన్ను కాపాడాలి
కపాల నాడులు 12 జతలు. ఏడోదైన ముఖ నాడి వాచి, చెవి దగ్గరి ఎముకలోని ఇరుకు దారిలో నలిగితే ముఖం ఒకవైపు చచ్చుబడుతుంది. 1821లో ఈ నాడిని వివరించిన స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేరే జబ్బుకు స్థిరపడింది. పుక్కిలిస్తే నీళ్లు మూతి పక్కనుంచి కారిపోతాయి, కన్ను మూతపడదు.

చాలామంది తికమకపడేది ఇక్కడే: మెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడతపడుతుంది, బెల్స్ పాల్సీలో ఆ వైపు ముడతపడదు. అయినా ఇంట్లో తేల్చుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యుల సలహాతో 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెడితే మేలు. ఆపరేషన్ అవసరం అరుదు. ఎక్కువమంది వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. ఈలోగా పగలు కంటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో మూయాలి. కన్ను ఆరిపోతే కార్నియా దెబ్బతింటుంది.